మౌలాబీ ఎంచుకున్న హోటల్

మౌలాబీ ఎవరింటికి వెళ్లినా ముందు కూర్చోదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి, పరుపు మీద అరచేయి ఆనించి ఒక్క నొక్కు నొక్కి, ఆ తర్వాతే కుర్చీ వెతుక్కుంటుంది. అది మర్యాద కాదని ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్లుగా పరుపులు కుడుతున్న ఆ చేతికి మాత్రం తెలియదు. దూది ఏనాటిదో, ఎండ తగిలి ఎన్నాళ్లయిందో, ఇంట్లో ఎవరు ఏ పక్కన పడుకుంటారో ఆ ఒక్క నొక్కులో తేల్చేస్తుంది. ఒకసారి కొత్తగా పెళ్లయినవాళ్ల ఇంట్లో పరుపు నొక్కి, "రెండంచులు నలిగినయి, నడుమ దూది పెట్టింది పెట్టినట్లే ఉంది. ఏం పంచాయితీ మీ ఇద్దరికి?" అని అడిగేసింది. ఆ పిల్లవాడు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయాడు. ఆ పిల్ల మాత్రం మౌలాబీని గంటసేపు కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, అత్తగారి సంగతులన్నీ చెప్పుకుంది.

గద్వాల కోట వెనక సందులో వాళ్ల దుకాణం. భర్త అమానుల్లా యంత్రం మీద దూది ఏకుతాడు. ఆమె పరుపుల తొడుగులు, అదే గలీబులు, కుట్టి, దూది నింపి, దబ్బనంతో గట్టి కుట్లు వేస్తుంది. ఆయన నెమ్మదైన మనిషి. మాట్లాడేలోపు ఆమె మాట్లాడేస్తుంది కాబట్టి, నెమ్మదిగా ఉండటం తప్ప ఆయనకు వేరే దారి కూడా లేకపోయింది.

వాళ్ల సొంత ఊరు అలంపూర్. రెండువేల తొమ్మిది వరదలో దుకాణం మొత్తం నీళ్ల పాలైంది. తడిసిన పరుపు ఎంత బరువుంటుందో మౌలాబీకి ఆ వారమే తెలిసింది. నలుగురు మగవాళ్లు పట్టి లాగినా అది గడప దాటలేదు. ఎగువ ఊరి బడిలో, బల్లలు రెండేసి జతచేసుకుని, ఇరవై రెండు రోజులు పడుకున్నారు. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి ఒట్టి చెక్క మీద ఒత్తిగిల్లుతూ, నిద్రపట్టక, పులిహోర పొట్లం కట్టి ఇచ్చిన పేపరు ముక్క చదువుకుంది. అందులో హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్ గది బొమ్మ ఉంది. తెల్లటి పరుపు, తెల్లటి దుప్పటి, నాలుగు దిండ్లు.

"ఆఫియా నాయనా, ఈ మంచం మీద ఎంతమంది పండుకుంటరు?" అని భర్తను అడిగింది.

"ఇద్దరే అయ్యుంటరు."

"మరి నాలుగు దిండ్లెందుకు?"

అమానుల్లా చాలాసేపు ఆలోచించి, "తెల్వదు" అన్నాడు. మౌలాబీ ఆ ముక్కకు అంటిన నూనె తుడిచి, మడిచి, రవికలో పెట్టుకుంది.

నీళ్లు తీసిన తర్వాత గద్వాల వచ్చి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. పదహారేళ్లు గడిచాయి. కూతురు ఆఫియా చదువుకుని, వనపర్తిలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఈ ఏడు నాగర్‌కర్నూలులో ఆడపిల్లల హాస్టల్ ఒకటి కొత్తగా తెరుస్తూ పరుపులన్నీ వీళ్లకే అప్పజెప్పారు. రెండు నెలలు రాత్రీ పగలూ కుట్టారు. ఆఖరి పరుపు లారీ ఎక్కేసరికి మౌలాబీ కుడి భుజం పైకి లేవడం మానేసింది.

ఆదివారం ఇంటికి వచ్చిన ఆఫియా తల్లి భుజానికి నూనె రాస్తూ, "అమ్మా, ఈసారి నీకోసం ఏమన్న తీసుకో. గాజులు చేయించాల్నా?" అంది.

"గాజులొద్దు. పట్నంల పెద్ద హోటల్ల రెండు రాత్రులు పండుకుంట."

నీళ్లు తాగుతున్న అమానుల్లాకు పొలమారింది. "పట్నంల పండుకోనీకె హోటలెందుకే? మల్లేపల్లిల మా చిన్నాయన ఇల్లు లేదా?"

"ఆ ఇంట్ల ఉన్నది నేను కుట్టిన పరుపే. దాని మీద పండుకోనీకె గంత దూరం పోవాల్నా?"

ఆఫియా ఫోన్ తీసింది.

హోటల్ ఎంచుకోవడం అరగంట పని అని ఆఫియా అనుకుంది. నాలుగు ఆదివారాలు పట్టింది. ఆమె ఒక్కో హోటల్ బొమ్మలు చూపిస్తూ, మేడ మీద ఈత కొలను ఉందని, ఇరవై రకాల టిఫిన్లని, చెరువు కనిపించే కిటికీ అని వర్ణిస్తుంటే, మౌలాబీ రెండు వేళ్లతో తెర మీద బొమ్మను పెద్దది చేసి పరుపు అంచు కుట్టు చూసేది.

"ఇది మిషన్ కుట్టు. లోపల ఏముందో యాడన్న రాసిండ్రా?"

"రాయలేదమ్మా. బస చేసినోళ్లు ఏమన్నరో చదువుతా, ఇను. పనివాళ్లు మర్యాదస్తులు. స్టేషన్‌కు దగ్గర. కాఫీ బాగుంది."

"పరుపు సంగతి ఎవ్వరు రాయలేదా?"

"ఇగో, ఒకాయన రాసిండు. పసిబిడ్డలా నిద్రపోయానంట."

"పసిబిడ్డ గంటకోసారి లేచి ఏడుస్తది. ఆ హోటలొద్దు."

ఆ విధంగా రెండు ఆదివారాల్లో పదకొండు హోటళ్లు ఎగిరిపోయి మూడు మిగిలాయి. బొమ్మలతో పని కాదని, మూడో ఆదివారం మౌలాబీ ఫోన్ తన చేతిలోకి తీసుకుంది. ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఆమె దూది కొట్ల వాళ్లతో ఎన్నో బేరాలాడింది. హోటల్ వాళ్లు అంతకన్నా గడుసువాళ్లా?

మొదటి హోటల్లో ఒకటి నొక్కమన్నారు, తర్వాత నాలుగు నొక్కమన్నారు, తర్వాత పాట పెట్టారు. పాట అయ్యాక ఒక అమ్మాయి వచ్చింది. మౌలాబీ అడిగిందానికి, "మేడమ్, మా పరుపులు విదేశాల నుంచి తెప్పించినవి" అంది.

"తెప్పిస్తే తెప్పిచ్చిండ్రు. లోపల ఏం నింపిండ్రు?"

"ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి" అని ఆ అమ్మాయి మళ్లీ పాట పెట్టింది. ఈసారి పాట అయిపోలేదు.

రెండో హోటల్లో మాట్లాడినాయన చాలా హుషారైన మనిషి. "మా దగ్గర దిండ్లకు మెనూ ఉందండి. మీరు చూసి ఆర్డర్ చేసుకోవచ్చు" అన్నాడు.

మౌలాబీ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి భర్త వైపు తిరిగింది. "దిండు గూడ ఆర్డరియ్యాల్నంట." మళ్లీ ఫోన్‌లో, "ఏమేమున్నయి నాయనా?" అంది.

"బాతు ఈకల దిండు, ఏదో ధాన్యం పొట్టు నింపిన దిండు, మెడనొప్పి దిండు, లావెండర్ వాసన దిండు."

"దూది దిండు లేదా?"

"దూదా?" ఆయన ఎవరినో అడిగి వచ్చాడు. "లేదండి. దూది దిండ్లు ఇప్పుడెవరు వాడతారండీ?"

మౌలాబీ ఫోన్ పెట్టేసింది. పొట్టు దిండని తలుచుకుని ఆ పూటంతా నవ్వాపుకోలేకపోయింది గానీ, ఆయన ఆఖరున అన్న మాట మాత్రం కాస్త గుచ్చుకుంది.

మూడో హోటల్ కౌంటర్‌లో ఉన్నవాళ్లకు ఆమె ప్రశ్న అర్థం కాక, గదులు సర్దే విభాగానికి కలిపారు. అవతల ఒక ఆడమనిషి ఎత్తి, "హౌస్ కీపింగ్, మాలతి మాట్లాడుతున్నానండి, మీకు ఏ విధంగా సహాయపడగలను?" అని పాఠం అప్పజెప్పినట్లు అంది. పరుపు గురించి అడిగితే కూడా పాఠం లాగే చెప్పింది. స్ప్రింగులు ఇన్ని, పైన మెత్త ఇంత, దుప్పటి నూలు ఇంత సన్నం.

అంతా విని మౌలాబీ అంది: "నువ్వు దాని మీద ఎన్నడన్న పండుకున్నవా బిడ్డా?"

"లేదు మేడమ్. దినాం పదునాలుగు మంచాలు సదురుత గని, కూసోనీకె గూడ మాకు పర్మిషన్ లేదు."

పాఠం జారిపోయి అసలు గొంతు బయటపడింది. మౌలాబీ చెవులు రిక్కించింది. "ఏ ఊరు నీది?"

"వనపర్తి పక్కన పెద్దమందడి."

"మాది గద్వాల. నిజం చెప్పు బిడ్డా. మేము మీ తాన దిగొచ్చునా?"

మాలతి గొంతు తగ్గించింది. "రాండ్రి పెద్దమ్మా. తొమ్మిదో అంతస్తుల పోయిన నెలనే కొత్త పరుపులు పడ్డయి. బుక్ చేసేటప్పుడు తొమ్మిదే కావాల్నని అడుగుండ్రి. నేను చెప్పిన్నని మాత్రం చెప్పకుండ్రి."

"ఇదే హోటల్" అంది మౌలాబీ, ఫోన్ కూతురికిస్తూ.

"ఈత కొలను లేదమ్మా ఇందుల."

"నాకు వరద చాలు."

నాలుగో ఆదివారం ఆఫియా గది బుక్ చేసింది. తర్వాతి గురువారం మొగుడూ పెళ్లాం గద్వాలలో రైలెక్కి కాచిగూడలో దిగి, ఆటోలో హోటల్‌కు చేరారు. ఆటో లోపలికి రానివ్వరేమోనని అమానుల్లా గేటుకు వంద అడుగుల దూరంలోనే దిగుదామన్నాడు. మౌలాబీ వినలేదు. అద్దాల తలుపు ముందే దిగింది.

తలుపు దగ్గర వాళ్ల సంచీని యంత్రంలోంచి పంపారు. యంత్రం ఆగిపోయింది. గార్డు సంచీలో చెయ్యి పెట్టి జానెడు పొడవున్న దబ్బనం బయటికి తీశాడు. వెనక వరసలో ఉన్న సూటు మనిషి ఒకడు రెండడుగులు వెనక్కి జరిగాడు. అమానుల్లా ముఖం పాలిపోయింది. "నేను ముందే చెప్పిన, ఇంటికాడ పెట్టి రమ్మని" అని గొణిగాడు.

ఇంతలో డ్యూటీ మేనేజర్ వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. కోటు జేబు మీద ఇంతియాజ్ అని పేరు. "ఇదేంటమ్మా?" అన్నాడు.

"దబ్బనం. పరుపులు కుట్టేది."

"హోటల్లో పరుపులు కుట్టడానికి వచ్చారా?"

"కాదు నాయనా, పండుకోనీకె వచ్చిన. అది సంచీల లేకుంటే నాకు చెయ్యి లేనట్లుంటది."

ఇంతియాజ్ నవ్వు ఆపుకుని, దబ్బనాన్ని కవర్లో పెట్టి, మీద ఆమె పేరు రాసి, వెళ్లేటప్పుడు తీసుకోమన్నాడు. "ఇదే మొదటిసారి ఖాలా, మా లాకర్‌లో బంగారం కాకుండా సూది పెట్టడం" అన్నాడు, పిన్నిని పిలిచినంత చనువుగా.

తొమ్మిదో అంతస్తులో గది తలుపు తెరుచుకోగానే అమానుల్లా ఏసీ ముందు నిలబడిపోయాడు. మౌలాబీ తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి అరచేయి ఆనించింది. నొక్కింది. మళ్లీ నొక్కింది. పరుపు ఎంత లోపలికి పోయిందో అంత మెత్తగా పైకి వచ్చింది. ఎక్కడా ఉండ లేదు, గుంట లేదు. తన పనిలో తప్పు వెతికే అలవాటున్న మనిషికి ఎదుటివాళ్ల పనిలో తప్పు దొరకకపోతే కొంచెం కష్టంగానే ఉంటుంది.

"ఎట్లుంది?" అన్నాడు అమానుల్లా.

"దూది కాదు గని" అంది మౌలాబీ, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ, "మంచిగనే చేసిండ్రు."

డ్యూటీ దిగే ముందు, మూడున్నరకు తలుపు తట్టి మాలతి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. బూడిదరంగు యూనిఫాం, బిగించి కట్టిన ముడి. ఫోన్‌లో విన్న గొంతే తప్ప మనిషిని చూడకపోయినా, ఇద్దరూ గట్టిగా కావలించుకున్నారు. మౌలాబీ మొదట అడగాల్సింది మొదటే అడిగింది.

"ఈ నాలుగు దిండ్లెందుకు బిడ్డా?"

"రెండు తలకు పెద్దమ్మా. రెండు సూడనీకె."

పదహారేళ్ల ప్రశ్న రెండు ముక్కల్లో తీరిపోయింది. మౌలాబీ మంచం మీద పక్కన చోటు చూపించి కూర్చోమంది. మాలతి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా. కూసుంటే మడత పడ్తది. మల్ల నేనే సదరాలె."

మర్నాడు మౌలాబీ కళ్లు తెరిచేసరికి కిటికీ నిండా ఎండ. తెల్లవారుజామున చదివే ఫజర్ నమాజు ఆమెకు తప్పడం ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి. "గిది మంచిది కాదు" అంది లేచి కూర్చుని, పరుపును గుడ్లురిమి చూస్తూ. "గింత మెత్తగుంటే దేవుణ్ణి గూడ మరిపిస్తది." తప్పినదానికి బదులుగా కజా నమాజు చదువుకుని వచ్చేసరికి అమానుల్లా దుప్పటి నాలుగు మూలలూ లాగి, దిండ్లు నిలబెట్టి, మంచం అద్దంలా సర్దేశాడు. ఇంకొకరు వచ్చి తన పక్క ఎత్తడమంటే ఆయనకు సిగ్గు.

పది గంటలకు మాలతి వచ్చి చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "గిట్ల చేస్తే ఎట్ల పెద్దనాయనా? నా పని మీరే చేస్తుంటే, ఈమెతోని పనేముందని నన్ను తీసేస్తరు."

అమానుల్లా పరేషాన్ అయ్యాడు. వెంటనే దుప్పటి పట్టి లాగి, ఉండ చుట్టి, దిండొకటి కింద పడేసి, చాలా శ్రద్ధగా మంచమంతా చెడగొట్టాడు. "ఇప్పుడు సరిపాయెనా బిడ్డా?"

మాలతి నవ్వుతూ కొత్త దుప్పటి గాలిలోకి విసిరింది. ఒక్క విసురుకే అది నాలుగు మూలలా సరిగ్గా పరుచుకుంది. మౌలాబీ నోరు తెరుచుకుని చూసింది. తను గలీబు తొడిగితే చూసేవాళ్లు ఇలాగే చూస్తారు. అంత పనితనం ఉన్న చేతులు, చేసిన మంచం మీద ఒక్కనాడు కూడా వాలలేదు. ఆ మాట టిఫిన్ దగ్గర కూడా ఆమెను వదల్లేదు. ఇరవై రకాలుంటే అమానుల్లా మాత్రం రెండు ఇడ్లీలు తెచ్చుకుని, బాగున్నాయని మళ్లీ రెండు తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం గదిలో ఫోన్ మోగింది. ఇంతియాజ్. మొహమాటపడుతూ అడిగాడు. ఇదే అంతస్తులో చివరి గది ఉంది. దిగినవాళ్లందరూ నడుంనొప్పి అంటున్నారు. పరుపు రెండుసార్లు మార్చారు. కంపెనీ వాళ్లు వచ్చి పరుపు బాగుందన్నారు. నొప్పి మాత్రం పోలేదు. "మీరొకసారి చెయ్యి వేసి చూస్తారా ఖాలా?"

మౌలాబీ కొంగు దోపుకుని లేచింది. ఆ గదిలో పరుపును తలవైపు నొక్కింది, కాళ్లవైపు నొక్కింది, నడుమ రెండు చేతులూ పెట్టి బరువంతా వేసి నొక్కింది. కళ్లు మూసుకుంది. ఇంతియాజ్, ఇద్దరు సూపర్‌వైజర్లు పక్కనే నిలబడి చూస్తున్నారు.

"తప్పు పరుపుది కాదు" అంది చివరికి. "ఆఫియా నాయనా, జర లేపు."

అమానుల్లా, సూపర్‌వైజర్లు కలిసి పరుపు ఎత్తి నిలబెట్టారు. కింద మంచానికి బిగించిన గుడ్డను మౌలాబీ వేలితో తడిమి, ఒకచోట ఆగింది. గుడ్డ ఊడదీసి చూస్తే, నడుమ చెక్క అడ్డంగా చీలి, మనిషి బరువు పడినప్పుడల్లా రెండంగుళాలు కిందికి దిగుతోంది. పైకి ఏమీ కనబడదు. రెండు కొత్త పరుపులు పాపం ఏ తప్పూ చేయకుండానే గోదాముకు పోయాయి.

ఇంతియాజ్ ఆనందం పట్టలేకపోయాడు. "ఈ రాత్రి మీ ఇద్దరికీ మేడ మీద భోజనం మా తరఫున ఖాలా."

"భోజనం వద్దు నాయనా. మాలతి ఒక్క గంట నా మంచం మీద పండుకోవాలె."

ఇంతియాజ్ టై సర్దుకున్నాడు. "అది కుదరదు ఖాలా. పనిలో ఉన్నవాళ్లు గెస్టుల మంచం ముట్టుకోకూడదు. రూలు."

"డ్యూటీ నాలుగింటికి అయిపోతది గద. అయినంక సొంత బట్టలు కట్టుకొని, ముందు తలుపులకెల్లి, నా చుట్టంగ వస్తది. చుట్టాలను రానిస్తరా, రానియ్యరా?"

"రానిస్తాం. రిజిస్టర్‌లో రాయాలి."

"రాసుకో."

ఇంతియాజ్ నేల చూశాడు, విరిగిన చెక్క చూశాడు, చివరికి నవ్వేశాడు. "ఏం చుట్టరికమని రాయమంటారు?"

"బిడ్డ అని రాయి."

నాలుగున్నరకు మాలతి వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. నాలుగేళ్లుగా పనిచేస్తున్న హోటల్లోకి ముందు తలుపు గుండా రావడం అదే మొదటిసారట. తలుపు తీసే కుర్రాడు అలవాటుగా వంగి నమస్కారం పెట్టి, ముఖం చూసి గతుక్కుమన్నాడట. చెబుతూ నవ్వింది.

"పండుకో" అంది మౌలాబీ.

మాలతి చెప్పులు విడిచి, పాదాలు తుడుచుకుని, మంచం అంచున ఒక జానెడు చోటులో కర్రలాగా పడుకుంది. మౌలాబీ ఆమెను భుజం పట్టి నడిమధ్యకు జరిపింది. చూడటానికని పెట్టిన దిండ్లలో ఒకటి తెచ్చి మోకాళ్ల కింద పెట్టింది. "దినమంత నిలబడే కాళ్లు. గిట్ల పెడ్తే నడుము దిగుతది."

"పెద్దమ్మా, ఇది..." అని ఏదో చెప్పబోయింది మాలతి. మాట పూర్తి కాకుండానే నిద్రపోయింది. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. చిన్న గురక కాదు.

అమానుల్లా టీవీ చప్పుడు ఆపేశాడు. మొగుడూ పెళ్లాం కిటికీ దగ్గర రెండు కుర్చీలు వేసుకుని, కింద రోడ్డు మీద బొమ్మల్లా పోతున్న కార్లను చూస్తూ గుసగుసగా మాట్లాడుకున్నారు. చాయ్ తెప్పించుకుందామా అని ఆయన అడిగాడు. బెల్లు కొడతారు, లేస్తది, వద్దంది ఆమె. గంట అనుకున్నది గంటన్నర అయింది.

ఆరింటికి మాలతి ఉలిక్కిపడి లేచింది. ఎక్కడున్నదో ఒక్క క్షణం తెలియలేదు. తెలియగానే గబుక్కున దిగి, చీర కుచ్చిళ్లు కూడా సర్దుకోకుండా దుప్పటి అంచు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. మౌలాబీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇడిసిపెట్టు. రేపు డ్యూటీకి వచ్చే మనిషి సదురుకుంటది."

మాలతి దుప్పటి వదలకుండానే ఆమె వైపు చూసింది. "రేపు డ్యూటీ గూడ నాదే పెద్దమ్మా."

ముందు అమానుల్లా నవ్వాడు. ఆయన నవ్వు విని మౌలాబీ, ఆమెను చూసి మాలతి. నవ్వీ నవ్వీ మాలతి మళ్లీ మంచం మీద కూలబడింది. ఈసారి మడత పడుతుందని లేవలేదు.